కొవ్వు పరీక్ష మందుల షాపుకు ఎలా చేరింది?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో మందుల షాపు బల్ల మీద బీపీ మిషను, షుగరు మిషను ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. వాటి పక్కన కొలెస్ట్రాల్ చూసే చిన్న పరికరం చేరితేనే పేచీ. ల్యాబు పని షాపుకెందుకన్న పాత తగవు మళ్లీ రాజుకుంది.

కొలెస్ట్రాల్‌కూ గుండెపోటుకూ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. తగవు మూలం 2017లో ఉంది. 30 ఏళ్లు నిండిన వారందరికీ కేంద్రం స్క్రీనింగ్ మొదలుపెట్టిన ఏడాది అది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, టేపుతో నడుము కొలిచి, పొగాకు, మద్యం అలవాట్లు రాసుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. ఆ తర్వాత పరీక్షలు: బీపీ, షుగరు, మూడు రకాల క్యాన్సర్లు. కొలెస్ట్రాల్ లేదు. తండ్రికి గుండెజబ్బు ఉందని రాయించుకున్న ఫారమే కొడుకు రక్తంలో కొవ్వు సంగతి పట్టించుకోదు!

దీనికీ ఒక సమర్థన ఉంది. ల్యాబు లేని చోట్ల వయసు, లింగం, పొగతాగడం, బీపీ, ఎత్తు-బరువులతోనే గుండె ముప్పు అంచనా వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పట్టికలిచ్చింది. వాటిలో షుగరూ లెక్కకు రాదు, మూత్రపిండాల జబ్బూ రాదు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో అది చిన్న లోపం కాదు. కిడ్నీ రోగులకు గుండె ముప్పు ఎక్కువ. టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి తన కొలెస్ట్రాల్ అంకె ఎంతో తెలుసుకోవాలనుకుంటాడు. అతనికి ముందు కనబడేది మందుల షాపే.

ఫార్మసిస్టులకు 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ధైర్యమిచ్చాయి. రోగికి మందు గురించి వివరించడం తమ విధి అని అవి చెబుతున్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఎవరైనా మధ్యలో మానేస్తే ఆ సంగతి ముందు తమకే తెలుస్తుందని, అంకె చూపించి డాక్టరు దగ్గరకు పంపడమే తమ ఉద్దేశమని వారి వాదన. కొట్టిపారేయలేం.

పని మాత్రం తేలిక కాదు. వేలు గుచ్చాక మొదటి చుక్క తుడిచేయాలి. రక్తం రాలేదని గట్టిగా పిండితే అంకె తప్పుతుంది. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను చాలా పరికరాలు నేరుగా కొలవవు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కకడతాయి. రక్తంలోని మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 400 దాటితే ఆ లెక్క చెల్లదు.

ల్యాబుగా నమోదు కాని షాపు పరీక్ష ఎలా చేస్తుందంటూ ల్యాబుల వారు ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు రాష్ట్రం 2002లో చేసిన చట్టాన్ని చూపిస్తారు. డాక్టర్ల అభ్యంతరం మరొకటి: స్టాటిన్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, పరీక్షించిన చేయే దాన్ని అమ్మితే ఎలా?

1948 ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇవ్వాల్సింది నమోదైన ఫార్మసిస్టే. గోడ మీది సర్టిఫికెట్ ఒకరిది, బల్ల వెనక కుర్రాడు మరొకడు అయిన షాపులు మనం చూడనివి కావు. అక్కడ వేలు గుచ్చేది ఎవరని అడిగితే ఫార్మసిస్టుల గొంతు కాస్త తగ్గుతుంది.