ఫోన్ వచ్చాక చదవడం, రాయడం నేర్పడం: బడిలో వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేను తెలంగాణలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల టీచర్ని. పదిహేడేళ్లుగా చిన్న తరగతులకు తెలుగు చెబుతున్నాను. చేరిన కొత్తలో మా బడిలో ఉన్నవి నల్లబల్ల, సుద్దముక్కలు, గోడకు అక్షరాల చార్టు, అంతే. ఇప్పుడు పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, గదిలో టీవీ ఉంది, దాదాపు ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, అందులోకి ఏఐ కూడా వచ్చేసింది. వీటి గురించి చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో, తల్లిదండ్రుల మీటింగుల్లో ఒకే రకం మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. కొందరు టెక్నాలజీని నెత్తిన పెట్టుకుంటారు, కొందరు గేటు బయటే ఆపేయమంటారు. ఏ పరికరం వచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ పది నిమిషాల్లో చదువుతున్నది ఎవరు, పిల్లలా, యంత్రమా, నేనా?

అపోహ: ఇప్పటి పిల్లలు ఫోన్‌తోనే పుట్టారు, వాళ్లకు మనం నేర్పేదేముంది?

వాస్తవం: ఫోన్ తెరవడం వేరు, ఫోన్‌లో ఉన్నది చదవడం వేరు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వేలో గ్రామాల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా తమకు స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నారు. వాళ్లలో ఆ ముందు వారం చదువు కోసం దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. అదే సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా ఐదో తరగతిలో ఒకసారి పాలపిట్ట గురించి తెలుసుకుని చెప్పమని నా ఫోన్ ఇచ్చాను. మైక్ నొక్కారు, అడిగారు, మొదట వచ్చిన వీడియో నొక్కారు, రెండు నిమిషాల్లో వచ్చి చెప్పేశారు. ఒక్కరు కూడా ఒక్క వాక్యం చదవలేదు! అప్పటి నుంచి పద్ధతి మార్చాను. మైక్‌లో అడగొచ్చు, కానీ జవాబు అక్షరాల్లో ఉన్న చోటి నుంచే రెండు వాక్యాలు నోట్‌బుక్‌లో ఎక్కించాలి, అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో కింద రాయాలి. మొదటి నెల చాలా విసుక్కున్నారు. ఇప్పుడు ఇంట్లో వాట్సాప్ మెసేజ్ వచ్చినా "ఇది ఎవరు రాసిన్రో లేదు టీచర్" అని నాకే చెబుతున్నారు.

అపోహ: వాయిస్ టైపింగ్ ఉండగా గుణింతాలు, ఒత్తులు ఎందుకు?

ఈ మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే చదువుకున్న తల్లిదండ్రులే అంటారు.

వాస్తవం: నోటితో చెప్పింది తెరమీద సరిగ్గా పడిందో లేదో చూడాలంటే చదవడం రావాలి. "సాయంత్రం వేళ" అంటే "వేల" అని పడొచ్చు, "కళ" అంటే "కల" అని పడొచ్చు, శ, ష, స సంగతి చెప్పనక్కర్లేదు. చదవడం రాని పిల్లవాడికి ఆ రెండింటి తేడా కనపడదు, యంత్రం ఏం రాస్తే అదే తాను చెప్పాననుకుంటాడు. అందుకని నేను వాయిస్ టైపింగ్‌ని వద్దనను, దాన్నే పాఠం చేసుకుంటాను. ఒక పాప నాలుగు వాక్యాలు ఫోన్‌కు చెబుతుంది, వచ్చింది వచ్చినట్టు బోర్డు మీద రాస్తాం, తరగతి అంతా తప్పులు వెతుకుతుంది. నేను ఎర్ర సిరాతో దిద్దిన కాపీ పుస్తకాన్ని ఎప్పుడూ తిరిగి చూడని పిల్లలు, యంత్రం చేసిన తప్పు పట్టుకోవడానికి మాత్రం బెంచీల మీది నుంచి లేచి నిలబడతారు. ల ఎక్కడ రావాలో, ళ ఎక్కడ రావాలో వాళ్లే వాదించుకుంటారు.

టైపింగ్‌లోనూ రకాలున్నాయి, అన్నీ ఒకటి కావు. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, ఎం, ఎం, ఏ అని కొడితే "అమ్మ" వచ్చేస్తుంది, పిల్లవాడు మ కింద మ ఒత్తు గురించి ఆలోచించనే లేదు. పైగా కింద వచ్చే మూడు సూచనల్లో ఏదో ఒకటి నొక్కేస్తాడు. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అలా కుదరదు. అ, తర్వాత మ, తర్వాత పొల్లు, మళ్లీ మ కొట్టాలి. అంటే ఒత్తు అనేది అచ్చు ఊడిపోయిన హల్లుకు ఇంకో హల్లు అతుక్కోవడం అని వేళ్లకే తెలుస్తుంది. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని ఈ సంగతి, ఒత్తుల దగ్గర ఆగిపోయిన నాలుగో తరగతి బాబుకు పాత కీబోర్డు మీద ఒక్క వారంలో ఎక్కింది. అందరికీ అలాగే ఎక్కుతుందని చెప్పను, కానీ ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లలుంటే ఒకసారి ప్రయత్నించండి.

చేతిరాత గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొత్త అక్షరం నేర్చుకునేటప్పుడు చెయ్యి కదలాలి, ఇసుకలోనైనా, పలక మీదైనా. నార్వేలో 36 మంది యూనివర్సిటీ విద్యార్థుల మెదడును పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, టైప్ చేసినప్పటికంటే చేత్తో రాసినప్పుడు మెదడు భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా కనిపించింది. వాళ్లు పెద్దవాళ్లు, మన ఒకటో తరగతి పిల్లలు కారు, అది గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి, వాళ్లు రాసింది కాగితం మీద కాదు, డిజిటల్ పెన్నుతో తెర మీద. కాబట్టి తెర వస్తే రాత పోతుందన్నదీ నిజం కాదు. తెర మీద వేలితో "ఝ" దిద్దించినా దిద్దించినట్టే.

అపోహ: వీడియో చూపిస్తే పాఠం అయినట్టే.

కరోనాతో బడులు మూసి ఉన్నప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానళ్లలో మూడో తరగతి నుంచి పైవాళ్లకు పాఠాలు వచ్చాయి. ఆ రోజుల్లో అదొక్కటే ఆధారం, అది కూడా లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను. కానీ 2021 సెప్టెంబరు 1న బడి తెరిచాక నాలుగో తరగతిలో కూర్చున్న పిల్లలు, మూడో తరగతి పాఠాలు టీవీలో చూసిన పిల్లలు, కథలు గడగడా చెప్పారు, గేయాలు రాగంతో పాడారు. అదే పేజీ తెరిచి చదవమంటే ఒత్తు దగ్గర ఆగిపోయారు, గుణింతం దగ్గర నా ముఖం చూశారు. వాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు విన్నారు, చదవలేదు.

ఆ ఏడాది నేను నేర్చుకున్న చిన్న పని ఒకటి చెబుతాను. వీడియో ఒకసారి మామూలుగా పెడతాను. రెండోసారి సౌండ్ ఆపేసి, కింద వచ్చే అక్షరాలను పిల్లలతో చదివిస్తాను. అక్షరాలు లేని వీడియో అయితే ప్రతి బొమ్మ దగ్గర ఆపి, ఆ బొమ్మకు ఒక వాక్యం పిల్లలే చెబుతారు, నేను బోర్డు మీద రాస్తాను, అందరం చదువుతాం. తెలిసిన పాటకు అదే భాషలో అక్షరాలు వేయడమనే ఆలోచన 1996లోనే అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి మొదలుపెట్టారు. టీవీలో సినిమా పాటలకు హిందీ పాటైతే హిందీలో, గుజరాతీ పాటైతే గుజరాతీలో అక్షరాలు వేస్తే, పాట నోటికొచ్చిన మనిషి కన్ను తనకు తెలియకుండానే అక్షరాల వెంట పోతుందని. తరగతిలో దీనికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, పిల్లలకు కంఠతా వచ్చిన గేయం ఒకటి చాలు.

అపోహ: యాప్ రిపోర్టు వస్తుంది కదా, మళ్లీ టీచర్ కూర్చుని చదివించడం దేనికి?

2020లో గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ అనే యాప్ తెలుగులో కూడా వచ్చింది. పిల్లవాడు పైకి చదువుతుంటే వింటుంది, తప్పు చెబితే ఆపి చెబుతుంది. ఇంట్లో వినేవాళ్లు లేని పిల్లలకు ఇలాంటివి పెద్ద ఆసరా, నేనే ఎంతోమంది ఫోన్లలో వేయించాను.

అయితే యంత్రానికి తెలియనిది ఒకటుంది. పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటే మా పాప "వచ్చిండు" అని చదువుతుంది. యాప్ లెక్కలో అది తప్పు. నా లెక్కలో ఆ పాప అక్షరాలు చూసింది, అర్థం చేసుకుంది, తన ఇంటి మాటలో చెప్పింది, అంటే చదవడం వచ్చినట్టే. పక్కనున్న బాబు "వచ్చాడు"ను "వంచాడు" అని చదివి ఆగకుండా ముందుకు పోయాడు. యాప్‌కు ఇద్దరూ ఒకే ఎర్ర గీత. పాపకు నేను చేయాల్సింది ఏమీ లేదు, మెల్లగా పుస్తకం మాట కూడా అలవాటవుతుంది. బాబుకు మాత్రం చ ఒత్తు, సున్న పక్కపక్కన పెట్టి మళ్లీ చెప్పాలి, అన్నిటికంటే ముందు "ఈ వాక్యంలో వంచాడు అంటే అర్థం కుదిరిందా?" అని ఆగి చూసుకోవడం నేర్పాలి. ఇది పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

వేగం సంగతి కూడా. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం ఉంది. లక్ష్యం ఉండటం మంచిదే. కానీ మన పదం పొడవెంత? "చదువుకుంటున్నారనుకున్నాను" మనకు ఒక్క పదం. ఇంగ్లీషులో అదే సంగతికి నాలుగైదు పదాలు పడతాయి. అంకె ఎర్రగా కనిపించిందని పిల్లల్ని తరమకండి. నేను వారానికి ఒకసారి ప్రతి పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క నిమిషం చదివిస్తాను, తర్వాత ఒక్క ప్రశ్న అడుగుతాను. ముప్పై మందికి రోజుకు ఆరుగురు చొప్పున ఐదు రోజుల్లో అయిపోతుంది.

ఇంకో మాట కూడా తరచూ వింటాను, తెర మీద చదివినా కాగితం మీద చదివినా ఒకటేనని. కథలకైతే పెద్ద తేడా లేదు. సమాచారం ఉన్న పాఠాలకు మాత్రం కాగితమే కొంత మెరుగని 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెప్పింది, అందులోనూ టైమ్ పెట్టి చదివిస్తే తేడా పెరుగుతుందని. అందుకే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథల్ని టీవీ మీద పెద్దగా వేసి అందరం కలిసి చదువుతాం, పరిసరాల విజ్ఞానం మాత్రం పుస్తకంలోనే. ఫోన్‌లో తెలుగు చదివించేటప్పుడు అక్షరాల సైజు తప్పకుండా పెంచండి. ద, ధ తేడా ఒక చిన్న గీతే, చిన్న తెర మీద ఆ గీత కనపడదు, ఒత్తులైతే కింది వరుసలో కలిసిపోయినట్టు ఉంటాయి. అప్పుడు పిల్లవాడికి చదవడం రాదని అనుకుంటాం.

అపోహ: ఏఐ అన్నీ రాసిపెడుతుంది, ఇక వ్యాసం నేర్పడం దండగ. లేదా, టీచరే అవసరం లేదు.

నేను ఏఐని వాడుతున్నాను, దాచడం ఎందుకు. వెనకబడిన పిల్లలకు వాళ్ల స్థాయిలో చిన్న చిన్న పేరాలు కావాలి, అవి రోజూ రాసుకోవడం నా వల్ల కావడం లేదు. ఒత్తులు లేకుండా పది వాక్యాలు ఇవ్వమని అడిగాను. మొదటి వాక్యంలోనే "అమ్మ" వచ్చింది. మళ్లీ అడిగితే "అన్నం" వచ్చింది. మొదట చిరాకేసింది, తర్వాత కాగితం తీసుకుని నేనే ప్రయత్నిస్తే అర్థమైంది. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అవ్వ, అన్నీ ఒత్తుల మాటలే. తాత, మామ, బావ లాంటి కొందరే మిగిలారు! పిల్లలకు అన్నిటికంటే దగ్గరి మాటలను మనం ఏడాది చివరి దాకా ఆపుతున్నామన్న మాట. ఆ రోజు నుంచి "అమ్మ"ను మొదటి వారంలోనే బొమ్మలాగా పూర్తి పదంగా చూపిస్తున్నాను, ఒత్తు పేరు తర్వాత ఎప్పుడో చెబుతాను.

ఏఐ ఇచ్చిన పేరాలో ఎన్నో దిద్దాలి. పుస్తక భాష ఎక్కువ, మా ఊరి పంట గురించి అడిగినా వాక్యాలు ఎక్కడివో అనువాదంలా ఉంటాయి, ఒక్కోసారి లేని సంగతి కూడా చేరుస్తుంది. చదవకుండా ప్రింట్ తీసి ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

పిల్లల రాత విషయానికొస్తే, "నా ఊరు" అని వ్యాసం ఇస్తే యంత్రం రాసిస్తుంది, నిజమే, పైతరగతుల టీచర్లకు దీనితో చాలా టెన్షన్‌గా ఉంది. నేను ప్రశ్న మార్చాను. నిన్న బడి నుంచి ఇంటికి పోయేటప్పుడు దారిలో ఏం చూశావు, ఎవరు పలకరించారు, ఏమన్నారు? క్లాసులోనే, పావుగంట, ఐదు వాక్యాలు. తర్వాత పక్కవాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లు ఒక ప్రశ్న అడగాలి, దానికి జవాబుగా ఇంకో వాక్యం చేర్చాలి. బోరింగు దగ్గర బర్రె అడ్డం నిలబడితే చుట్టూ తిరిగి పోయానని ఒక పాప రాసింది. అది ఏ ఏఐకీ తెలియదు.

అపోహ: ఇంట్లో తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఈ ఫోన్లతో లాభం లేదు.

మొన్న మీటింగులో ఒకమ్మ అంది, "మావోడు ఫోన్ల అన్నీ చూస్తడు టీచర్, సదువుడొక్కటే వస్తలేదు." ఆమెకు చదువు రాదు. నేను అడిగింది ఒక్కటే. రోజూ ఆమె ఫోన్‌కు వచ్చే తెలుగు మెసేజ్‌లలో ఒకదాన్ని కొడుకుతో పైకి చదివించుకోమని, అర్థం కాకపోతే మళ్లీ చదవమనడం తప్ప ఇంకేమీ చేయనక్కర్లేదని. నెల తర్వాత ఆ బాబు నా దగ్గరికి వచ్చి, మహిళా సంఘం మీటింగు గురువారం కాదు శుక్రవారానికి మారిందని తానే చదివి చెప్పానని, లేకపోతే అమ్మకు ఒకరోజు కూలి పోయేదని చెప్పాడు. "శుక్రవారం"లో క్రావడి, అంటే ర ఒత్తు, ఎక్కడుందో చూపించమంటే బోర్డు మీద రాసి చూపించాడు.