మాంసం కథ నుంచి వూహాన్ దాకా: ఫోర్ట్ డెట్రిక్ తగాదా వెనక

కోవిడ్ ఎక్కడ పుట్టిందన్న గొడవలో ఫోర్ట్ డెట్రిక్ పేరు మళ్లీ వినిపిస్తోంది. అమెరికాలోని మేరీలాండ్‌లో ఉన్న ఈ సైనిక స్థావరంలోనే నేషనల్ సెంటర్ ఫర్ మెడికల్ ఇంటెలిజెన్స్ పనిచేస్తుంది. ఇది రక్షణ శాఖ గూఢచారి సంస్థ డీఐఏలో ఒక విభాగం. ఏ దేశంలో ఏ జబ్బు ముదురుతోంది, అక్కడికి వెళ్లే సైనికులకు ఏం అంటుకోవచ్చు అన్నది కనిపెట్టడం దీని పని. వైరస్‌ను ల్యాబ్‌లో మార్చారన్న ఇక్కడి శాస్త్రవేత్తల మాటను పైవాళ్లు పక్కనపెట్టారా అన్నదే ఇప్పటి తగాదా. అది అర్థం కావాలంటే 1979 ఏప్రిల్‌కి వెళ్లాలి.

సోవియట్ నగరం స్వెర్‌డ్లోవ్‌స్క్‌లో ఉన్నట్టుండి జనం ఆంత్రాక్స్ అనే పశువుల జబ్బుతో చనిపోయారు. జబ్బుపడ్డ పశువుల మాంసం తినడం వల్లేనని ప్రభుత్వం చెప్పింది. దగ్గర్లోని సైనిక ల్యాబ్ నుంచి లీకైందని అమెరికా గూఢచారులు అనుమానించారు. అమెరికాలోనే పేరున్న శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్‌కు అప్పట్లో మాంసం కథే నమ్మదగ్గదిగా కనిపించింది.

అక్కడి ఆస్పత్రి రికార్డులను సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ పట్టుకుపోయింది. కానీ శవపరీక్షలు చేసిన డాక్టర్లు కణజాల నమూనాలను దాచిపెట్టారు. తిన్నదాని వల్ల వస్తే దెబ్బ ముఖ్యంగా పేగుల్లో కనిపించాలి. వీళ్లకు కనిపించింది ఛాతీలోని లింఫ్ గ్రంథుల్లో. అంటే పీల్చిన గాలి వల్ల. 1992లో మెసెల్సనే బృందంతో అక్కడికి వెళ్లారు. చనిపోయినవాళ్లు ఆ రోజుల్లో పగటిపూట ఎక్కడున్నారో మ్యాప్‌పై గుర్తులు పెడితే, ల్యాబ్ దగ్గర మొదలై గాలి వీచిన దిశలో సన్నటి గీతలా వచ్చింది. కనీసం 66 మంది చనిపోయారని 1994లో ప్రకటించారు. లీక్ జరిగినప్పుడు ఆ ప్రాంత పార్టీ పెద్ద బోరిస్ యెల్ట్‌సిన్. తప్పు సైన్యానిదేనని 1992లో రష్యా అధ్యక్షుడిగా ఒప్పుకున్నదీ ఆయనే!

గూఢచారుల అనుమానం నిజమైంది. కాకపోతే దాన్ని నిలబెట్టింది రహస్య ఫైళ్లు కాదు, డాక్టర్లు దాచిన నమూనాలు.

ఇక వూహాన్. అక్కడ కొత్త జబ్బు వ్యాపిస్తోందని 2019 నవంబర్‌లోనే ఫోర్ట్ డెట్రిక్‌లోని ఈ కేంద్రం హెచ్చరించిందని 2020 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ టీవీ చానల్ చెప్పింది. అలాంటి నివేదికే లేదని కేంద్రం డైరెక్టర్ వెంటనే ఖండించారు. రహస్య సంస్థ ‘లేదు’ అంటే బయటివాళ్లు సరిచూసుకునే దారేది?

అసలు పేచీ 2021 ఆగస్టుది. వైరస్ ఎక్కడిదో తేల్చమని బైడెన్ అడిగితే నాలుగు సంస్థలు తక్కువ నమ్మకంతో సహజమని, ఎఫ్‌బీఐ ఒక్కటే మధ్యస్థ నమ్మకంతో ల్యాబ్ అని చెప్పాయి. ఫోర్ట్ డెట్రిక్ కేంద్రం శాస్త్రవేత్తలు ముగ్గురు వైరస్ జన్యుక్రమం పరిశీలించి, వైరస్‌ను ల్యాబ్‌లో మార్చారన్న నిర్ణయానికి వచ్చారని, అధ్యక్షుడికి ఇచ్చిన బ్రీఫింగ్‌లో అది లేదని 2024 డిసెంబర్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగిందన్నది గూఢచారి వ్యవస్థ పైవాళ్ల జవాబు.

వాళ్లలో ఇద్దరు 2020 మేలో రాసిన పత్రం ఒకటి బయటికొచ్చింది. ల్యాబ్‌లోనే పుట్టిందని అందులో ఎక్కడా లేదు. ల్యాబ్ మాటను కొట్టిపారేయడానికి అప్పటి ప్రముఖ వ్యాసం చూపిన కారణాలు చాలవని మాత్రమే ఉంది.