గొడ్డు గురక వెనక గుడ్డు

తెనాలి, దుగ్గిరాల వైపు కాలువ గట్టున పాత రైతుల్ని అడిగితే గురక పెట్టే ఎద్దుల సంగతి చెబుతారు. నిద్రలో కాదు, నిలబడి నెమరేస్తూ కూడా గురకే. ముక్కులోంచి చిక్కటి చీమిడి, ఒక్కోసారి నెత్తుటి జీర. రొంప అనుకుని వదిలేస్తారు. టార్చి వేసి చూస్తే లోపల కాలీఫ్లవర్‌లా పెరిగిన కండ కనిపిస్తుంది.

ఇది గురక వ్యాధి. కారణం షిస్టోసోమా నాసేల్ అనే పురుగు. 1933లో దీనికి ఆ పేరు పెట్టింది ఎం. అనంతనారాయణ రావు. దీని కాపురం ముక్కు పొరలోని సిరల్లో. మగ పురుగు తన ఒంటి మడతలో ఆడదాన్ని పొదువుకుని నెత్తురు తాగుతూ ఉంటుంది. పశువు రక్తంలోని పదార్థాలనే పైన పూసుకుని తిరుగుతుంది కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదని సరిగా పట్టుకోలేదు.

గొడవంతా గుడ్లతోనే. బూమరాంగ్‌లా వంగి, ఒక కొసన ముల్లుండే గుడ్డు సిర గోడలో చిక్కుకుని ఎంజైములు వదులుతుంది. ఒంటి రోగనిరోధక సైన్యంలోని తెల్ల రక్తకణాలు, ఇయోసినోఫిల్స్, మాక్రోఫేజ్‌లు వచ్చి చుట్టూ మూగుతాయి. నాళం వాస్తుంది, గోడ మందమవుతుంది, ఆ చుట్టుపక్కల గడ్డలు కడతాయి. గురక పుట్టేది అక్కడే.

అయితే ఈ వాపు పురుగుకూ కావాలి. మనుషుల్లో ఉండే దీని బంధువును ఎలుకలకు ఎక్కించి, వాటి రోగనిరోధక శక్తిని అణిచేసి చూస్తే, గుడ్లు బయటికి రావడమే తగ్గిపోయింది! అంటే గుడ్డుకు దారి తీసి పెడుతున్నది మన సైన్యమే. పరాన్నజీవుల తెలివికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

పశువు నీళ్లలో మూతి పెట్టినప్పుడు చీమిడితో గుడ్లు జారి పిల్లలవుతాయి, నత్తలోకి దూరతాయి. కొన్ని వారాలకు చీలిన తోకతో బయటికొచ్చి, నీళ్లలో దిగిన పశువు చర్మంలోంచి లోపలికి పోతాయి. మడి దిగిన మనిషి కాళ్లలోకీ దూరి అక్కడే చస్తాయి. నాట్లప్పుడు వచ్చే దురదల్లో కొన్ని వీటివే.

గేదెకు సోకినా సాధారణంగా గురక రాదు. అందుకే ఎవరూ దాన్ని డాక్టర్‌కు చూపించరు, అది మాత్రం మడుగులో గుడ్లు వదులుతూనే ఉంటుంది. ఆంటిమొనీ అనే మూలకం ఉన్న ఇంజెక్షన్లతో ఎద్దుకు గురక తగ్గినా, మళ్లీ అదే మడుగులో దిగితే పురుగు మళ్లీ పడుతుంది. నత్తల్ని తినే బాతుల్ని అందులోకి వదలడం మందుకన్నా చవక.