చిక్కంతా ఆ సర్టిఫికెట్ దగ్గరే

రష్యా వైపు నుంచి తీసిన డాక్యుమెంటరీ ఏదైనా పెద్ద ఫెస్టివల్‌కు వెళ్తే చాలు, పాత తగవు మళ్ళీ రాజుకుంటుంది: ఇది సాక్ష్యమా, ప్రచారమా? 2024 సెప్టెంబరులో టొరంటోలో ఇదే జరిగింది. అనస్తాసియా ట్రోఫిమోవా రష్యా రక్షణ శాఖ అనుమతి లేకుండానే, ఉక్రెయిన్‌లో పోరాడుతున్న ఒక రష్యన్ సైనిక దళంతో నెలల తరబడి ఉండి ‘రష్యన్స్ ఎట్ వార్’ తీశారు. ఆక్రమణ సైన్యం చేసిన నేరాలు తెర మీద లేవని ఉక్రెయిన్ వాళ్ళు మండిపడ్డారు. బెదిరింపులు రావడంతో ప్రదర్శనలు ఆపేసి, తర్వాత గట్టి భద్రత మధ్య వేశారు. నెత్తిన బాంబులు పడుతున్నవాళ్ళ కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా ప్రశ్న వేరు. రష్యన్ల గురించిన సినిమా మీద తీర్పు టొరంటోలో ఎందుకు వస్తోంది? మాస్కోలో ఎందుకు రావడం లేదు?

ఆ దారి ఎప్పుడు మూసుకుపోయిందంటే, అందరూ ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి యుద్ధం మొదలైన 2022 అంటారు. నేను 2014 అంటాను.

అప్పటికి మాస్కోలో మరీనా రజ్బెజ్కినా నడిపే డాక్యుమెంటరీ బడి నుంచి ఒక తరం తయారైంది. అక్కడ నియమాలు కఠినం: ట్రైపాడ్ ఉండదు, జూమ్ ఉండదు, వెనక నుంచి వ్యాఖ్యానం ఉండదు. మనిషికి ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి తీయాలి. 2011-12 చలికాలంలో పుతిన్‌కు వ్యతిరేకంగా వీధుల్లోకొచ్చిన నిరసనలను ఆ బడి పిల్లలే పదిమంది కలిసి తీశారు. అంత దగ్గర నుంచి తీస్తే వంటింటి గొడవలూ తాగిన మాటలూ బూతులతో సహా రికార్డవుతాయి. జనం మాట్లాడే రష్యన్ అదే మరి.

2014 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన చట్టం సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టింది. సినిమాలో బూతు ఉంటే ప్రదర్శన సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేకపోతే హాల్లో వేయకూడదు. మన సెన్సార్ లాంటిదేగా అనిపించవచ్చు. కానీ అక్కడ ఆ కాగితం ఇచ్చేది బోర్డు కాదు, నేరుగా సాంస్కృతిక మంత్రిత్వ శాఖ. ఒక్క రాజకీయ నినాదాన్నీ నిషేధించకుండానే ఒక తరం సినిమాను హాలు బయట నిలబెట్టేశారు. ఆ ఏడాది చివర్లో సాంస్కృతిక మంత్రి వ్లదీమిర్ మెదీన్స్కీ దాపరికమేమీ లేకుండా చెప్పేశారు: తాను పదవిలో ఉన్నంతకాలం డాక్యుమెంటరీ దర్శకుడు విటాలీ మాన్స్కీకి ప్రభుత్వ సొమ్ము దక్కదని. ఈ మాన్స్కీయే 2007లో ‘ఆర్ట్‌డాక్‌ఫెస్ట్’ అనే డాక్యుమెంటరీ ఫెస్టివల్ మొదలుపెట్టిన మనిషి. హాళ్ళు దొరకని సినిమాలకు ఆ ఫెస్టివలే ఇల్లు. ఆయన లాత్వియాలోని రీగాకు మకాం మార్చినా, ఫెస్టివల్‌ను మాత్రం మాస్కోలో వదలకుండా నడిపారు.

2018లో మరో చట్టం వచ్చింది. సర్టిఫికెట్ లేని సినిమా వేయాలంటే ఆ ఫెస్టివల్ ప్రభుత్వ జాబితాలో ఉండాలి. అంటే ఆ ఇంటి తాళంచెవి కూడా మంత్రిత్వ శాఖ చేతికే వెళ్ళింది.

ఆ తర్వాతివన్నీ నాకు ముగింపు సన్నివేశాల్లాగే కనిపిస్తాయి. 2021లో ఆర్ట్‌డాక్‌ఫెస్ట్ సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రదర్శనలను ఆరోగ్య నిబంధనల పేరుతో మూయించారు. 2022 ఏప్రిల్ 1న మాస్కోలో ‘అక్త్యాబ్ర్’ సినిమా హాలు దగ్గర మాన్స్కీ మీద ఎర్ర రంగు గుమ్మరించారు. ఆ ఏడాది మాస్కోలో ఫెస్టివల్ జరగలేదు. ఇప్పుడది రీగాలో జరుగుతోంది.

అయినా తీసేవాళ్ళు మిగిలారు. ఉరల్ ప్రాంతంలో రాగి కరిగించే చిన్న ఊరు కరబాష్. అక్కడి బడిలో వేడుకలు నిర్వహించి వీడియోలు తీసే పావెల్ తలాంకిన్‌కు యుద్ధం మొదలయ్యాక కొత్త పని పడింది: దేశభక్తి పాఠాలను చిత్రీకరించి, అవి జరిగినట్టు రుజువుగా పైకి పంపాలి. టీచరు కాగితం చూసి చదువుతూ ‘డీనాజిఫికేషన్’ (ఉక్రెయిన్‌లో నాజీలను ఏరేయడం అంటూ యుద్ధానికి రష్యా చెప్పిన సాకు) అన్న మాట దగ్గర తడబడుతుంది. పిల్లలు గ్రెనేడ్ విసిరే పోటీలో వరసగా నిలబడతారు. తలాంకిన్ ప్రభుత్వం కోసం తీసిన ఆ దృశ్యాలే దర్శకుడు డేవిడ్ బోరెన్‌స్టైన్‌తో కలిసి చేసిన ‘మిస్టర్ నోబడీ అగైన్‌స్ట్ పుతిన్’ అయ్యాయి. 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో దానికి ప్రత్యేక జ్యూరీ అవార్డు వచ్చింది. ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగానికి దాన్ని పంపింది డెన్మార్క్.

తలాంకిన్ 2024 వేసవిలో, బడిలో పెద్ద క్లాసు పిల్లల వీడ్కోలు వేడుక ముగిశాక, తీసినదంతా వెంటబెట్టుకుని దేశం దాటాడు.