ఎనిమిదేళ్ల యుద్ధమా, పద్నాలుగేళ్ల యుద్ధమా?

ఈశాన్య చైనాలోని షెన్యాంగ్ నగరంలో రాతితో కట్టిన ఒక క్యాలెండర్ ఉంది. బల్ల మీద తెరిచిపెట్టిన క్యాలెండర్ ఆకారంలో, తలెత్తి చూడాల్సినంత ఎత్తున ఉంటుంది. పేజీ మాత్రం తిరగదు. 1931 సెప్టెంబర్ 18 దగ్గరే ఆగిపోయింది. ఏటా ఆ రోజు ఉదయం 9 గంటల 18 నిమిషాలకి ఊళ్లో సైరన్లు మోగుతాయి. ఆ రోజుకి చైనా వాళ్లు వేరే పేరేమీ వెతుక్కోలేదు. ‘తొమ్మిది-ఒకటి-ఎనిమిది’ అంటే చాలు, బడి పిల్లలకి కూడా అర్థమైపోతుంది.

బీజింగ్ శివార్లలో వాన్‌పింగ్ అనే పాత కోట ఊరు ఉంది. అక్కడి మ్యూజియం గుర్తు చేసే తేదీ వేరు: 1937 జులై 7. దాన్ని ‘ఏడు-ఏడు’ అంటారు. జపాన్‌తో యుద్ధం వీటిలో ఏ రోజున మొదలైనట్టు? దశాబ్దాల పాటు చైనా పిల్లలు రెండోదాన్నే చదువుకున్నారు. 1937 నుంచి 1945 దాకా, ఎనిమిదేళ్ల ప్రతిఘటన యుద్ధం. 2017 జనవరిలో అక్కడి విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట పాఠ్యపుస్తకాల్లో ఎనిమిదేళ్లు కొట్టేసి పద్నాలుగేళ్లు అని రాయాలని. మారింది ఒక్క అంకె. దాని వెనక ఉన్న తగువు మాత్రం నూరేళ్ల నాటిది.

మనకైతే ఇది ఒక మార్కు ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైంది? 1939 సెప్టెంబర్ 1, జర్మనీ పోలండ్ మీద పడిన రోజు. జవాబు తప్పేం కాదు, యూరప్ వరకు. కానీ ఆ రోజుకి చైనా రాజధాని నాన్జింగ్ జపాన్ చేతిలో పడి ఇరవై నెలలు దాటింది. ఆసియాలో కూర్చుని ఆసియా యుద్ధాన్ని యూరప్ క్యాలెండర్‌తో లెక్కపెట్టడం మనకి ఎంత అలవాటైపోయిందో ఈ ఒక్క మార్కే చెబుతుంది.

ముందు 1931 సంగతి. షెన్యాంగ్‌ని అప్పట్లో బయటివాళ్లు ముక్డెన్ అనేవారు. ఆ పక్కనుంచి పోయే దక్షిణ మంచూరియా రైల్వే జపాన్‌ది. రష్యాని 1905లో ఓడించి తీసుకున్న ఆస్తి. దానికి కాపలాగా పెట్టిన క్వాంటుంగ్ సైన్యంలో ఇషివారా కాంజీ, ఇతగాకి సెయిషిరో అనే ఇద్దరు అధికారులు టోక్యో అనుమతి కోసం ఆగదలుచుకోలేదు. సెప్టెంబర్ 18 రాత్రి తమ పట్టాల పక్కన తామే మందుగుండు పేల్చారు. పట్టా కొంచెం దెబ్బతింది, అంతే. కాసేపటికి వచ్చిన రైలు దాని మీదుగానే సాఫీగా వెళ్లిపోయింది. కానీ నేరం చైనా సైనికుల మీదకి నెట్టేశారు. తెల్లవారేసరికి ముక్డెన్ వాళ్ల చేతిలో ఉంది. కొద్ది నెలల్లో మంచూరియా, అంటే ఈశాన్య చైనా, మొత్తం పోయింది. 1932 మార్చిలో ‘మంచుకువో’ అనే దేశాన్ని ప్రకటించి, చైనా ఆఖరి చక్రవర్తి పూయీని తెచ్చి కూర్చోబెట్టారు.

నానాజాతి సమితి విచారణకి ఒక కమిషన్‌ని పంపింది. దాని పెద్ద లార్డ్ లిటన్ మనకి కొత్తవాడు కాదు. అంతకుముందు బెంగాల్ గవర్నర్‌గా చేశాడు, పుట్టింది సిమ్లాలో. వాళ్ల నాన్న ఇక్కడ వైస్రాయ్. కమిషన్ జాగ్రత్తగా తిరిగి, జాగ్రత్తగా రాసింది. జపాన్ చెప్పిన ఆత్మరక్షణ వాదన నిలవదనీ, మంచుకువో అక్కడి జనం కోరుకున్న దేశం కాదనీ తేల్చింది. 1933 ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే ఆ నివేదికకి 42 దేశాలు సరే అన్నాయి, కాదన్నది ఒక్క జపానే. సయాం (ఇప్పటి థాయిలాండ్) ఎటూ చెప్పకుండా ఊరుకుంది. జపాన్ ప్రతినిధి మత్సువోకా లేచి బయటికి నడిచాడు. ఆ తర్వాత సమితి చేసిందేమీ లేదు. ఈ మొత్తం వ్యవహారాన్ని రోమ్‌లో, బెర్లిన్‌లో శ్రద్ధగా గమనిస్తున్నవాళ్లు ఉన్నారు.

మరి చైనా ఎందుకు పోరాడలేదు? ఎనిమిదా పద్నాలుగా అన్న పేచీకి అసలు ముడి ఇక్కడుంది. అప్పటి పాలకుడు చియాంగ్ కై షేక్ ముందు కమ్యూనిస్టుల లెక్క తేల్చాలి, జపాన్ సంగతి తర్వాత అనుకున్నాడు. మంచూరియాలో ఉన్న జాంగ్ షుయెలియాంగ్ సైన్యం పెద్దగా ఎదురు తిరగకుండా వెనక్కి వచ్చేసింది. 1933లో జపాన్‌తో సంధి కూడా అయింది. అడవుల్లో, కొండల్లో గెరిల్లాలు పోరాడుతూనే ఉన్నారు, వాళ్లలో కమ్యూనిస్టులు కూడా ఉన్నారు. చివరికి 1936 డిసెంబర్ 12న షియాన్‌లో ఆ జాంగే తన అధినేత చియాంగ్‌ని బంధించి, ముందు జపాన్‌తో తేల్చుకోమని మెడ మీద కత్తి పెట్టినంత పని చేశాడు.

కాబట్టి 1937 నుంచి లెక్కపెడితే అది చియాంగ్ ప్రభుత్వం నిలబడి చేసిన యుద్ధం అవుతుంది. 1931 నుంచి లెక్కపెడితే ప్రభుత్వం తలదించిన ఆరేళ్లు, గెరిల్లాలు తల ఎత్తిన ఆరేళ్లు కూడా కలుస్తాయి. బీజింగ్‌లో పాలిస్తున్న కమ్యూనిస్టు పార్టీకి ఏ లెక్క ఇష్టమో వేరే చెప్పాలా? అలాగని దాన్ని వట్టి పార్టీ లెక్క అని కొట్టిపారేయలేం. మంచూరియా రైతుకి ఎవరైనా వచ్చి ‘యుద్ధం ఇంకా మొదలవలేదు’ అని చెబితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. జపాన్‌లో కూడా 1950ల నుంచి కొందరు మేధావులు ‘పదిహేనేళ్ల యుద్ధం’ అంటూనే ఉన్నారు. వాళ్లు లెక్కించేదీ 1931 నుంచి 1945 దాకానే. మొదటి ఏడాదినీ చివరి ఏడాదినీ కలుపుకుంటే పదిహేను. ఒకే కాలం, రెండు అంకెలు.

1937 జులై 7 రాత్రి జరిగింది ఇంకా చిన్న విషయం. వాన్‌పింగ్ పక్కనే లుగౌ వంతెన ఉంది. పన్నెండో శతాబ్దపు రాతి వంతెన. పిట్టగోడ పొడుగునా స్తంభాల మీద వందలకొద్దీ చిన్న సింహాలు, తల్లి సింహం కాళ్ల కింద పిల్ల సింహాలు కూడా. మార్కో పోలో దాన్ని వర్ణించాడు కాబట్టి బయటి ప్రపంచానికి అది మార్కో పోలో వంతెన. ఆ దగ్గర్లో జపాన్ దళం రాత్రి కసరత్తులు చేస్తోంది. కాల్పుల శబ్దం వినిపించింది. లెక్క చూస్తే ఒక సిపాయి తక్కువ. ఊళ్లోకి వెళ్లి వెతుకుతామన్నారు, చైనా వాళ్లు గేటు తెరిచేది లేదన్నారు. సిపాయి కాసేపటికే తిరిగొచ్చాడు. యుద్ధం మాత్రం వెనక్కి పోలేదు. ఆగస్టులో షాంఘై, డిసెంబర్ 13న నాన్జింగ్. ఆ నగరంలో వారాల తరబడి సాగిన హత్యలకీ అత్యాచారాలకీ బలైనవాళ్లు రెండు లక్షలకి పైనే అని తర్వాత జపాన్ యుద్ధ నేరాలు విచారించిన టోక్యో ట్రైబ్యునల్ అంచనా వేసింది, చైనా మూడు లక్షలంటుంది. 1938 జూన్‌లో జపాన్ సైన్యాన్ని ఆపడానికి చియాంగ్ పసుపు నది గట్టు తెగ్గొట్టించాడు. మునిగిపోయింది సొంత రైతులే, లక్షల్లో.

ఆ ఏడాదే మన కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను చైనా పంపింది. అందులో షోలాపూర్ కుర్రాడు ద్వారకానాథ్ కోట్నిస్ వెనక్కి రాలేదు, 1942లో అక్కడే పోయాడు.

ఇంత జరిగినా జపాన్ దీన్ని యుద్ధం అనలేదు. ‘చైనా ఘటన’ అంది. 1931లో ‘మంచూరియా ఘటన’, 1932లో ‘షాంఘై ఘటన’, ఇప్పుడు ఇది. కారణం మొహమాటం కాదు. యుద్ధం అని ప్రకటిస్తే, యుద్ధంలో ఉన్న దేశాలకి ఆయుధాలు అమ్మకూడదనే అమెరికా తటస్థ చట్టం అడ్డొస్తుంది. జపాన్‌కి కావాల్సిన చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. విచిత్రం ఏమిటంటే చైనా కూడా ప్రకటించలేదు. ఆయుధాలు దానికీ కావాలి మరి. చైనా అధికారికంగా యుద్ధం ప్రకటించింది 1941 డిసెంబర్ 9న. అప్పటికి నాలుగేళ్లుగా ఊళ్లు తగలబడుతున్నాయి. కాగితాన్ని నమ్ముకుంటే ఆ నాలుగేళ్లు అసలు యుద్ధమే లేదు!

చాలామంది అడిగే ప్రశ్న ఇంకొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జపాన్ ఎటువైపు? రెండో యుద్ధం గుర్తున్నవాళ్లు టక్కున జర్మనీ వైపు అనేస్తారు. కాదు, బ్రిటన్ వైపు. ఇద్దరికీ 1902 నుంచి ఒప్పందం ఉంది. ఆ పేరు చెప్పి 1914 ఆగస్టు 23న జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. కన్ను మాత్రం యూరప్ మీద లేదు, తూర్పు చైనాలో షాన్‌డాంగ్ తీరంలోని చింగ్‌దావ్ రేవు మీద ఉంది. 1897లో ఇద్దరు జర్మన్ మిషనరీల హత్యని సాకుగా పట్టుకుని, మరుసటి ఏడాది జర్మనీ 99 ఏళ్ల లీజుకి రాయించుకున్న చోటు అది. (వాళ్లు 1903లో పెట్టిన బీరు ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది.) ముట్టడిలో జపాన్‌తో పాటు బ్రిటిష్ దళం కూడా ఉంది, అందులో 36వ సిక్కు రెజిమెంట్ వాళ్లున్నారు. 1897లో 21 మంది సిక్కు సిపాయిలు ఆఖరి మనిషి దాకా పోరాడిన సారాగఢీ కథ తెలిసినవాళ్లకి ఆ రెజిమెంట్ పేరు చెప్పక్కర్లేదు. నవంబర్ 7న చింగ్‌దావ్ లొంగిపోయింది.

ఆ రేవు మనకి అనుకున్నంత దూరం కాదు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ నౌక ఎండెన్ బయల్దేరింది చింగ్‌దావ్ నుంచే. కోస్తా జిల్లాలకీ రాయలసీమకీ అప్పుడు మద్రాసే రాజధాని. రేవు లొంగిన రెండు రోజులకి, కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక దెబ్బకి ఎండెన్ కథ కూడా ముగిసింది.

జర్మన్లు పోతే చింగ్‌దావ్ చైనాకి తిరిగి రావాలి కదా. రాలేదు. 1915 జనవరిలో జపాన్ 21 డిమాండ్ల జాబితా చైనా చేతిలో పెట్టింది. మే 9న చైనా చాలావాటికి తల ఊపక తప్పలేదు. ఆ తర్వాత 1917లో చైనా కూడా బ్రిటన్, ఫ్రాన్స్‌ల వైపు యుద్ధంలో చేరింది. దాని సైన్యం వెళ్లలేదు, కూలీలు వెళ్లారు. సుమారు 1,40,000 మంది ఫ్రాన్స్‌లో కందకాలు తవ్వారు, పట్టాలు వేశారు, శవాలు పూడ్చారు. బ్రిటన్ తీసుకెళ్లిన వాళ్లలో ఎక్కువమంది షాన్‌డాంగ్ పల్లెల వాళ్లు. గెలిచాక పారిస్‌లో పెద్దలు కూర్చుని, ఆ షాన్‌డాంగ్‌లోనే జర్మన్ల హక్కులన్నీ తీసి జపాన్‌కి ఇచ్చేశారు. వెర్సాయ్ ఒప్పందంలోని మూడు అధికరణాల్లో, 156 నుంచి 158 దాకా.

అదే పారిస్‌లో జపాన్‌కీ ఒక దెబ్బ తగిలింది. నానాజాతి సమితి నిబంధనల్లో జాతుల సమానత్వం అన్న మాట చేర్చమని అడిగింది. 1919 ఏప్రిల్ 11న ఓటేస్తే 17లో 11 అనుకూలం. అయినా అధ్యక్షత వహించిన అమెరికా అధ్యక్షుడు విల్సన్, అందరూ ఒప్పుకుంటేనే చెల్లుతుందని పక్కన పెట్టేశాడు. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్ అయితే మొదటి నుంచీ ససేమిరా. ‘తెల్లవాళ్లు మనల్ని తమ పంక్తిలో కూర్చోనివ్వరు’ అన్న ఉక్రోషం తర్వాత జపాన్ సైనికవాదులకి బాగా పనికొచ్చింది. అయితే సమానత్వం అడుగుతున్న ఆ వారాల్లోనే, మార్చి 1న స్వాతంత్ర్యం కోసం రోడ్డెక్కిన కొరియన్లని అదే జపాన్ తుపాకులతో అణిచేస్తోంది. ఆ సంగతి కూడా మర్చిపోకూడదు.

షాన్‌డాంగ్‌ని జపాన్‌కి ఇచ్చేస్తున్నారన్న కోపంతో మే 4న బీజింగ్‌లో సుమారు మూడు వేల మంది విద్యార్థులు తియానన్మెన్ దగ్గర చేరారు. జపాన్‌కి తొత్తు అని పేరుపడ్డ మంత్రి ఛావ్ రూలిన్ ఇంటికి నిప్పు పెట్టారు. జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం మీద చైనా సంతకం చేయలేదు. చింగ్‌దావ్ చివరికి 1922లో తిరిగి వచ్చింది. 1921లో పుట్టిన చైనా కమ్యూనిస్టు పార్టీకి మొదటి పెద్దలు మే 4 గాలిలోంచి వచ్చినవాళ్లే. అదే పార్టీ 2017లో పుస్తకాల్లో అంకె మార్చింది.

ఇక ఆసియా యుద్ధం, యూరప్ యుద్ధం ఎక్కడ కలిశాయి? రెండు చోట్ల చూపించవచ్చు. 1939 వేసవిలో మంగోలియా సరిహద్దులో, ఖాల్ఖిన్ గోల్ నది దగ్గర, జుకోవ్ నడిపిన సోవియట్ సైన్యం జపాన్‌ని చావుదెబ్బ తీసింది. సెప్టెంబర్ 16న కాల్పులు ఆగాయి. మర్నాడే, 17న, స్టాలిన్ సేనలు తూర్పు నుంచి పోలండ్‌లోకి దిగాయి. ఉత్తరాన దెబ్బతిన్న జపాన్ దక్షిణం వైపు, చమురు వైపు చూడటం పెరిగింది. ఫ్రాన్స్ హిట్లర్‌కి లొంగిపోయాక దాని ఇండోచైనాలో 1940లో ఉత్తర భాగం, 1941 జులైలో దక్షిణ భాగం ఆక్రమించింది. అమెరికా ఆస్తులు స్తంభింపజేసి చమురు ఆపేసింది. చైనా నుంచి వెనక్కి వస్తే పరువు పోతుంది, రాకపోతే ట్యాంకులు ఖాళీ. అక్కణ్ణుంచి డిసెంబర్ దాకా కథ అందరికీ తెలిసిందే.

అందరికీ తెలిసిన ఆ కథలోనూ ఒక సవరణ ఉంది. పసిఫిక్ యుద్ధం హవాయిలోని అమెరికా రేవు పెర్ల్ హార్బర్‌లో మొదలవలేదు. దానికి గంటకి పైగా ముందే, మలయా తీరంలోని కోట భారులో జపాన్ సైన్యం దిగింది. ఇసుకలో బంకర్ల వెనక నిలబడి వాళ్లని ఎదుర్కొన్నది భారత సైన్యపు డోగ్రా రెజిమెంట్ సిపాయిలు. అక్కడ తేదీ డిసెంబర్ 8, హవాయిలో ఇంకా 7. నాలుగు నెలలు తిరిగేసరికి, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు. రంగూన్ నుంచి నడిచీ, ఓడలెక్కీ వచ్చిన తెలుగు కూలీలకి మాత్రం అది కొత్త కాదు. 1941 డిసెంబర్‌లోనే వాళ్లు బాంబులు చూసి వచ్చారు.

ముగింపు తేదీ మీదా ఏకాభిప్రాయం లేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన విమానం తినియన్ దీవి నుంచి లేచింది. 1914లో జపాన్ జర్మనీ దగ్గర లాక్కున్న దీవుల్లో అదొకటి. ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో మాట్లాడాడు, జపాన్‌కి ముగింపు అది. సెప్టెంబర్ 2న నౌక మీద లొంగుబాటు సంతకాలు, అమెరికాకి ముగింపు అది. చైనా మర్నాడు 3న విజయ దినం చేసుకుంటుంది, 2015లోనూ 2025లోనూ భారీ కవాతులు జరిపింది ఆ తేదీకే. చనిపోయిన చైనీయులు కోటీ నలభై లక్షల నుంచి రెండు కోట్ల దాకా అని అంచనాలు.

భారత సిపాయిలకి మాత్రం సెప్టెంబర్‌తో అయిపోలేదు. జపాన్ వాళ్ల ఆయుధాలు దింపడానికని బ్రిటన్ ఈ సిపాయిల్ని వియత్నాంలోని సైగాన్‌కీ, ఇండోనేషియాలోని జావాకీ పంపింది. అక్కడ ఫ్రెంచ్, డచ్ దొరలు మళ్లీ రావడానికి జనం ఒప్పుకోలేదు. జావాలోని సురబయ నగరంలో అక్టోబర్ చివర బ్రిటిష్ బ్రిగేడియర్ మాలబీ చనిపోయాడు. నవంబర్ 10న నగరం మీద పెద్ద దాడి మొదలైంది. వీధి వీధికీ పోరు, వారాల తరబడి. దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, తిరిగి కాల్చింది స్వాతంత్ర్యం కావాలన్న ఇండోనేషియన్లు. నవంబర్ 10 అక్కడ ఇప్పటికీ వీరుల దినం.