సర్వర్‌కి ఏ ఎస్ఎస్‌డీ? అపోహలు - వాస్తవాలు

"సార్, డబ్బా మీద సెకనుకు 7000 ఎంబీ అని ఉంది, అయినా డేటాబేస్ ఈడుస్తోంది." ఈ మాట చెప్పడానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఆ అంకె పెద్ద ఫైలును వరసగా కాపీ చేసినప్పటిది. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), జెడ్ఎఫ్ఎస్, సెఫ్ (స్టోరేజీ వ్యవస్థలు) లాంటివి చిన్న చిన్న రైట్లు పంపి, ఎఫ్‌సింక్ (డిస్క్‌లో భద్రంగా పడ్డాకే జవాబివ్వమనే ఆదేశం) కొట్టి, జవాబు వచ్చేదాకా ఆగుతాయి. ఇళ్లలో వాడే మామూలు డ్రైవ్‌లో, తాత్కాలిక మెమరీ అయిన డీర్యామ్‌లో ఉన్నది కరెంటు పోతే గల్లంతే. అందుకే ప్రతిసారీ, కరెంటు పోయినా నిలిచే నాండ్ చిప్పుల్లో రాసేశాకే జవాబివ్వాలి. సర్వర్ల కోసం చేసే ఎంటర్‌ప్రైజ్ డ్రైవ్ మూత తీస్తే బోర్డు మీద కెపాసిటర్ల వరస కనిపిస్తుంది. కరెంటు పోయినా డీర్యామ్‌లో ఉన్నదాన్ని నాండ్‌లోకి దింపేంత శక్తి వాటిలో ఉంటుంది. అదే పీఎల్‌పీ (పవర్ లాస్ ప్రొటెక్షన్). ఆ ధైర్యంతోనే డ్రైవ్ వెంటనే "అయింది" అంటుంది. ఎఫ్ఐఓ అనే కొలిచే టూల్‌తో 4కే బ్లాక్ (4 కేబీ ముక్కలు), క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒకే రైట్), ప్రతి రైట్‌కీ ఎఫ్‌సింక్ పెట్టి కొలవండి. మామూలు డ్రైవ్ ఐఓపీఎస్ (సెకనుకు ఎన్ని రైట్లు పూర్తిచేసిందనే లెక్క) వందల్లోనో, మహా అయితే కొన్ని వేలల్లోనో ఆగుతుంది. పీఎల్‌పీ ఉన్న సాటా (పాత, నెమ్మది కనెక్షన్) డ్రైవ్ కూడా పదివేలకు అటూ ఇటూగా ఇస్తుంది.

గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో ఖరీదైన గేమింగ్ ఎన్‌వీఎంఈలు (సాటా కంటే వేగమైన ఎస్ఎస్‌డీలు) రెండు, ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా మిర్రర్ చేసి పెట్టారు. సాయంత్రం రద్దీలో బిల్లింగ్ స్క్రీన్ బిగుసుకుపోయేది. తానే ఏదో తప్పు నొక్కానని అకౌంటెంట్ అమ్మాయి వణికిపోతోంది. డిస్క్ పనితీరు చూపే ఐఓస్టాట్‌లో రైట్లు ఎంతసేపు ఆగుతున్నాయో చూపించి, "నీ తప్పేం లేదమ్మా" అని చెప్పాను. పీఎల్‌పీ ఉన్న సాటా డ్రైవులు పెట్టాం, వాటి వేగం కాగితం మీద 550 ఎంబీనే. ఆ సాయంత్రమే బిల్లులు ఆగకుండా వచ్చాయి.

"యూపీఎస్ ఉందిగా?" అంటారు. యూపీఎస్ ఉన్న సంగతి డ్రైవ్‌కి తెలియదు, కాబట్టి వేగం పెరగదు. పవర్ సప్లయి కాలితే యూపీఎస్ ఏమీ చేయలేదు కూడా. "సింక్ ఆపేస్తే సరి" అని సలహా ఇచ్చేవాళ్ల మాట అస్సలు వినకండి. కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని సెకన్ల బిల్లులు పోతాయి. ఇంకోటి, కొన్ని మామూలు డ్రైవుల డబ్బాల మీదా "పవర్ లాస్" అన్న మాట ఉంటుంది. అది అప్పటికే నాండ్‌లో ఉన్న డేటాకే రక్ష.

"మామూలుది ఏడాదిలో అరిగిపోతుంది" అన్న భయం చాలామందికి అనవసరం. 1 టీబీ డ్రైవ్‌కి 600 టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చనే హామీ) అంటే అయిదేళ్లపాటు రోజుకు సుమారు 328 జీబీ. చిన్న ఆఫీసు అంత రాయదు. ముందు మీ పాత డ్రైవ్ స్మార్ట్ లెక్క (డ్రైవ్ తన గురించి తానే రాసుకునే చిట్టా) చూసుకోండి. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే నాండ్ రకం) విషయంలో మాత్రం జాగ్రత్త. రీబిల్డ్ (పోయిన డ్రైవ్ డేటాను కొత్తదానిలోకి నింపడం) మధ్యలో ఎస్ఎల్‌సీ కాష్ (వేగంగా రాయడానికి కేటాయించిన కొద్దిపాటి చోటు) నిండితే హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోయేవి ఉన్నాయి.

"ఎంటర్‌ప్రైజ్‌ది పోదు" అనేది వట్టి మాట. సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ అమ్మిన కొన్ని ఎస్ఏఎస్ (సర్వర్లలో వాడే కనెక్షన్) ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ లోపంతో సరిగ్గా 32,768 గంటలకు చచ్చిపోతాయని 2019లో ఆ కంపెనీయే హెచ్చరించింది. ఒకేరోజు మిర్రర్‌లో పెట్టిన రెండూ ఒకేసారి పోతాయి, కాబట్టి బ్యాకప్ వేరేగా ఉండాల్సిందే. ఆ బ్యాకప్ కోసం ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీని బీరువాలో దాచకండి. పూర్తిగా అరిగాక కరెంటు లేకుండా డేటా నిలవాల్సిన గడువు జెడెక్ (చిప్పుల ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణంలో మామూలు డ్రైవ్‌కి 30 డిగ్రీల దగ్గర ఏడాది, ఎంటర్‌ప్రైజ్‌కి 40 డిగ్రీల దగ్గర 3 నెలలే.

బూట్ డిస్క్, వీడియో లైబ్రరీ లాంటి వాటికి మామూలు డ్రైవ్ శుభ్రంగా సరిపోతుంది.