బోర్డు జరిగితే వైర్లు అందవు

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఇంటి కరెంటును గదులకు పంచే గోడ మీది డిస్ట్రిబ్యూషన్ బోర్డును మూడు మీటర్ల అవతలికి మారుస్తుంటే మీరు దూరంగా నిలబడి చూశారు. "తాతయ్యా, పాత వైర్లు అక్కడిదాకా అందవుగా! అతికించి టేపు చుడితే సరిపోదా?" అని అడిగారు. పనిలో ఉండి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

వైరు పొడవు పెరిగితే వోల్టేజీ పడిపోతుందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. లెక్క వేసి చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం కిలోమీటరుకు దాదాపు 7.4 ఓములు. మూడు మీటర్లు పొడిగిస్తే రానూపోనూ ఆరు మీటర్లు, అంటే 0.045 ఓము కూడా ఉండదు. 20 ఆంపియర్లు పారినా తగ్గేది ఒక వోల్టు లోపే. అదే వదులుగా ఉన్న ఒక్క జాయింట్‌లో 0.1 ఓము ఉందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించండి: 20 × 20 × 0.1, అంటే 40 వాట్లు. ఆ వేడంతా గోరంత చోట పుడుతుంది.

ఒకసారి నేను ఒక పాత జంక్షన్ బాక్స్ మూత తీశాను. లోపల మెలివేసి టేపు చుట్టిన జాయింట్ ఉంది. టేపు జిగురు కరిగి కారింది. వైరు మీది ఎర్ర తొడుగు (ఇన్సులేషన్) నల్లబడి, వేలు తగలగానే ఎండుటాకులా పొడైపోయింది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) మాత్రం ఒక్కసారీ పడలేదు. పడదు కూడా, ఎందుకంటే వదులు జాయింట్ వల్ల కరెంటు పెరగదు, వేడే పెరుగుతుంది. ఆ రోజు నుంచి నాకు టేపు జాయింట్ అంటే భయం.

వీలైతే పైపులో కొత్త వైరు మొత్తం లాగడమే అన్నిటికన్నా మేలు. కుదరనప్పుడు నాకు నచ్చిన పద్ధతి మీరు చూసినదే. పాత బోర్డు పెట్టెను అక్కడే ఉంచి, ఎంసీబీలు తీసేసి, అవి ఉన్న పట్టీ మీద టెర్మినళ్లు (వైరు కొనలను స్క్రూతో పట్టి ఉంచే దిమ్మలు) బిగించి, అక్కడి నుంచి కొత్త బోర్డుకు వైర్లు తీసుకెళ్లడం. ఎప్పుడైనా మూత తీసి స్క్రూలు చూసుకోవచ్చు. స్క్రూ జాయింట్‌ను గోడలో పూడ్చి ప్లాస్టరింగ్ చేస్తే ఆ అవకాశమే ఉండదు.

క్రింపింగ్, అంటే వైరు కొనలను స్లీవ్ అనే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కడం, కూడా గట్టి పద్ధతే. వైరు సైజుకు సరిపోయే స్లీవ్ పెట్టి, పూర్తిగా నొక్కేదాకా తెరుచుకోని రాచెట్ ప్లయర్‌తో నొక్కాలి. తర్వాత లాగి చూడాలి. స్ప్రింగ్ కనెక్టర్లయితే వాటి మీద రాసి ఉన్న ఆంపియర్లు, వైరు సైజు చూసుకోవాలి. టంకం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వేడెక్కితే మెత్తబడుతుంది. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా కలిపి మెలివేయకూడదు.

కలిపే వైరు పాతదానికన్నా సన్నగా ఉండకూడదు. ఫేజ్, న్యూట్రల్‌తో పాటు ఎర్త్‌నూ పొడిగించాలి. ఒక ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటంతా తిరిగి రాకపోతే సరఫరా ఆపేసే స్విచ్) కింది సర్క్యూట్ న్యూట్రల్ పొరపాటున ఇంకోదాని కిందికి వెళ్తే లోడు వేయగానే అది పడిపోతుంది. వైర్లన్నీ ఒకే పైపులో కుక్కితే వేడి బయటికి పోదు, అవి మోయగల కరెంటు తగ్గుతుంది.

అంతా అయ్యాక ఎర్త్ కొనదాకా అందుతోందో లేదో కొలిచాను. ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్‌తో 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ చూశాను. కనీసం 1 మెగాఓము రావాలి, చాలా ఎక్కువే వచ్చింది. ఈ పని మీరు ఇప్పుడు చేయకూడదు, శిక్షణ పొందినవాళ్లే చేయాలి. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు నుంచి దానిదాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది.

ప్రతి వైరుకూ నంబరు తొడిగాను. ఈసారి మీరు వచ్చినప్పుడు ఏ నంబరు ఏ గదిదో నేను చెబుతాను, మీ చేతిరాతతో రాయండి. ఆ కాగితాన్ని కొత్త బోర్డు తలుపుకు లోపలివైపు అంటిద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య